తేలు: ఇంటి జాగ్రత్తలు, తేలుకాటు చికిత్స

తేలు ఎనిమిది కాళ్ల జీవి. సాలీళ్లు, పిడుదులతో పాటు అరాక్నిడా తరగతికి చెందుతుంది. ముందు పటకారు వంటి రెండు డెక్కలు, వెనుక పైకి వంగిన తోక, తోక చివర విషపు కొండి దీని గుర్తులు. సంస్కృతంలో వృశ్చికం అంటారు. రాశిచక్రంలో ఎనిమిదో రాశికి ఈ పేరే పెట్టారు. 40 కోట్ల ఏళ్లకు పైగా భూమి మీద బతుకుతున్న ఈ జీవి మనిషి జోలికి కావాలని రాదు. చీకటి, ఇరుకు, తిండి ఉన్న చోటికి చేరుతుంది. ఆ మూడూ మన ఇళ్లలో, పెరళ్లలో దొరుకుతాయి గనక తేలుకాటు చాలావరకు ఇంటి పట్టున జరిగే ప్రమాదం అయింది.

తెలుగు నేల మీద తేలు కుట్టినవారిలో ఎక్కువమంది ఒక పూట నొప్పి పడి తేరుకుంటారు. ఎర్రతేలు కుట్టిన పసిబిడ్డ సంగతి వేరు. ఆ బిడ్డకు గంటలు లెక్కే. అందువల్ల ఈ విషయంలో ప్రతి ఇంటికీ తెలియాల్సినవి మూడు: తేలుకు చోటివ్వకుండా ఇల్లు ఉంచుకోవడం, ప్రమాద లక్షణాలు గుర్తుపట్టడం, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేరడం.

శరీరం, జీవనం

తేలు శరీరంలో తల, ఛాతీ కలిసిన ముందు భాగం, వెడల్పాటి పొట్ట, అయిదు కణుపుల తోక ఉంటాయి. తోక కొసన ఉన్న ఉబ్బెత్తు తిత్తిలో రెండు విషగ్రంథులు, దాని చివర సూది వంటి కొండి ఉంటాయి. తల మీద, పక్కల కళ్లున్నా చూపు అంతంత మాత్రమే. నేల అదురును కాళ్లతో పసిగట్టి ఎరను పట్టుకుంటుంది. బొద్దింకలు, చిమ్మెటలు, సాలీళ్లు, చిన్న పురుగులు దాని ఆహారం. పగలు నక్కి ఉండి రాత్రి వేటకు బయలుదేరుతుంది. శరీరానికి కావలసిన శక్తి చాలా తక్కువ కాబట్టి ఒకసారి కడుపు నిండితే నెలల తరబడి తిండి లేకుండా ఉండగలదు. తిండి మాడ్చి తేలును వెళ్లగొట్టడం ఒక్కరోజు పని కాకపోవడానికి కారణం ఇదే.

తేలు గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. తెల్లగా మెత్తగా ఉండే పిల్లలు పుట్టగానే తల్లి వీపు ఎక్కుతాయి. మొదటిసారి కుబుసం విడిచేదాకా అక్కడే ఉండి, తరవాత ఒక్కొక్కటే దిగిపోతాయి. పిల్లలు తల్లి పొట్ట చీల్చుకుని పుడతాయనీ, తల్లిని తినేస్తాయనీ పల్లెల్లో చెప్పుకునే మాట నిజం కాదు. అయితే వీపు నిండా పిల్లలున్న తేలు ఇంట్లో కనిపించిందంటే, ఒకదాన్ని చంపి ఊరుకుంటే సరిపోదు. అదిలించినప్పుడు చెదిరిన పిల్లలు పక్క సందుల్లోకి చేరతాయి. ఆ చుట్టుపక్కలంతా సర్ది చూడాలి.

తెలుగు నేల తేళ్లు

ప్రపంచంలో 2,500కు పైగా తేలు జాతులున్నాయి. భారతదేశంలోనే వందకు పైగా జాతులు నమోదయ్యాయి. వాడుకలో తెలుగువారు వీటిని రంగును బట్టి, పరిమాణాన్ని బట్టి పిలుస్తారు.

మండ్రగబ్బ అని పిలిచే పెద్ద నల్లతేలు చూడగానే భయం పుట్టిస్తుంది. అరచేతి పొడవు పెరుగుతుంది. పీత డెక్కల్లా బలిసిన డెక్కలుంటాయి. పొలంగట్ల మీద, చెట్ల కింద నేలలో బొరియలు తవ్వుకుని ఉంటుంది. దాని కొండి పోటు నొప్పి గట్టిదే అయినా విషం తీవ్రత తక్కువ.

ఎర్రతేలు దానికి భిన్నం. శాస్త్రీయ నామం హొట్టెంటొట్టా టమ్యులస్. 1798లో ఫాబ్రీసియస్ దీన్ని తొలిసారి వర్ణించాడు; పాత వైద్య గ్రంథాల్లో బూథస్ టమ్యులస్, మెసోబూథస్ టమ్యులస్ అనే పేర్లతో కనిపిస్తుంది. పొడవు సుమారు 5 నుంచి 9 సెంటీమీటర్లు. నారింజ నుంచి ఎర్రటి గోధుమ రంగు దాకా ఉంటుంది. డెక్కలు సన్నగా, తోక లావుగా కనిపిస్తాయి. రాయలసీమ, తెలంగాణ మెట్ట ప్రాంతాలు, మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడుల్లోని పొడి నేలలు దీని నెలవు. ప్రపంచంలో ప్రాణాంతకమైన తేళ్లలో ఇదొకటి.

డెక్కలు బలంగా ఉన్న తేలు ఎరను వాటితోనే నలిపి చంపుకుంటుంది; సన్నటి డెక్కలున్న తేలు విషం మీద ఆధారపడుతుంది. ఈ గుర్తు చాలావరకు నిజమవుతుంది. కానీ చీకట్లో కుట్టి పోయిన తేలు ఏదో చూసి చెప్పడం కుదిరే పని కాదు. అందుకే వైద్యుడు తేలు రంగు కంటే ఒంటి లక్షణాలనే నమ్ముతాడు.

ఇంట్లోకి ఎందుకు వస్తాయి

ఎండలు ముదిరినప్పుడు చల్లదనం కోసం, తొలకరి వానకు బొరియల్లోకి నీళ్లు దిగినప్పుడు పొడి చోటు కోసం తేళ్లు ఇళ్ల వైపు కదులుతాయి. వేసవి నుంచి వానాకాలం మొదలయ్యేదాకా తేలుకాట్లు ఎక్కువ. రోజులో చూస్తే పొద్దుగూకాక, అర్ధరాత్రిలోపు ఎక్కువ. సున్నం రాలిన రాతిగోడ, పెంకుల కింది ఖాళీ, బండల మధ్య సందు, గోడకు ఆనించిన కట్టెల మోపు, పిడకల గూడు, గడ్డివాము, పెరట్లో మిగిలిపోయిన ఇటుకల కుప్ప, వాడకుండా చుట్టి పెట్టిన గోనెసంచులు తేలుకు అనువైన చోట్లు. వీధిదీపం వెలుగుకు పురుగులు మూగుతాయి, వాటి కోసం తేలు వస్తుంది. వంటింట్లో బొద్దింకలు పెరిగినా అంతే.

ఇంటిని కాపాడుకోవడం

ఇంటి చుట్టూ. కట్టెలు, కందికంప, పత్తికట్టె, రాళ్లు, ఇటుకలు ఇంటి గోడకు దూరంగా పేర్చాలి. కట్టెల్ని నేల మీద కాకుండా రెండు మూడు రాళ్ల మీద ఎత్తుగా పెడితే కింద చీకటి గూడు ఏర్పడదు. గోడ వెంబడి రెండు మూడు అడుగుల మేర గడ్డి, ఆకుచెత్త లేకుండా ఊడ్చిన నేల ఉంటే మేలు. గోడ మీదికి వాలిన కొమ్మలు కొట్టేయాలి. వాకిట్లో దీపాన్ని తలుపు నెత్తిన కాకుండా కాస్త దూరంగా పెడితే పురుగులతో పాటు తేళ్లూ గుమ్మానికి ఎడంగా ఉంటాయి.

గోడలు, గడపలు. పొడవెంత ఉన్నా తేలు శరీరం పలచన. సన్నటి పగులులోంచీ దూరుతుంది. గోడ పగుళ్లు, బండల సందులు సిమెంటుతో గానీ సున్నం గచ్చుతో గానీ పూడ్చాలి. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ బిగించాలి. స్నానాల గది తూముకు, కిటికీలకు సన్నని జాలీ వేయాలి. తేలు నున్నటి గాజు, నున్నటి పలకల మీద నిలువుగా ఎక్కలేదు. గరుకు గోడ మాత్రం సులువుగా ఎక్కుతుంది. గోడ కింది భాగంలో అడుగు ఎత్తున నున్నటి పలకలు అతికించుకుంటే రక్షణ పెరుగుతుంది. పెంకుటింట్లో పైనుంచి రాలే తేలుకు పడక మీద దోమతెరే సరైన అడ్డు.

పడక, బట్టలు, చెప్పులు. నేల మీద పడుకునే ఇళ్లలో పిల్లలే ఎక్కువగా కాటుకు గురవుతారు. వేసవి నెలల్లోనైనా పిల్లల్ని మంచం మీద పడుకోబెట్టాలి. మంచం గోడకు ఆనకుండా, దుప్పటి అంచు నేలకు తాకకుండా, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి ఉండాలి. పడుకునే ముందు బొంత, దిండు దులపడం, పొద్దున్నే బూట్లు తిరగేసి తట్టి వేసుకోవడం, గోడకు వేలాడే చొక్కాను, దండెం మీది తువ్వాలును విదిలించి తీసుకోవడం ఇంట్లో అందరికీ అలవాటు కావాలి. రాత్రిపూట పెరట్లోకి వెళ్లేటప్పుడు చెప్పులు, చేతిలో టార్చి తప్పనిసరి.

పనిలో. చేను దగ్గర, ఇల్లు కట్టే చోట రాళ్లు, ఇటుకలు, కట్టెలు ఎత్తేటప్పుడు చేయి పెట్టకముందే కర్రతో కదిలించాలి. వేరుశనగ కట్టె కుప్పలు, ఎండుగడ్డి మోపులు ఎత్తేవారికి మందపాటి చేతి తొడుగులు, మూసిన చెప్పులు కావాలి. అటక మీది సామాను, మూలనపడ్డ గోనెసంచి తీసేటప్పుడు కూడా అదే జాగ్రత్త.

పురుగుమందులు. తేలు పైపెంకు మందం. ఇంట్లో చల్లే మామూలు పురుగుమందు దాని మీద అంతగా పనిచేయదు. దాని తిండి అయిన బొద్దింకలను, చిమ్మెటలను తగ్గిస్తే తేళ్లు కూడా కాలక్రమాన తగ్గుతాయి. కిరోసిన్ చల్లితే నిప్పు ప్రమాదమే తప్ప నిలకడైన ఫలితం ఉండదు. పూర్వం పెరట్లో కోళ్లు పెంచిన ఇళ్లకు ఒక లాభం ఉండేది: కోడి తేలును ముక్కుతో పొడిచి తింటుంది. అయితే కోళ్లు పగటి జీవులు, తేలు రాత్రి జీవి. కోళ్లున్నాయి కదా అని మిగతా జాగ్రత్తలు వదలకూడదు.

వెతకడం, తీసివేయడం

తేలు పైపెంకులో ఉన్న కొన్ని రసాయనాల వల్ల అతినీలలోహిత కాంతి పడగానే అది పచ్చటి నీలంగా మెరుస్తుంది. నకిలీ నోట్లు గుర్తించేందుకు వాడే చిన్న అతినీలలోహిత టార్చి ఉంటే, చీకటి పడ్డాక గోడల వెంట, కట్టెల మధ్య వెలుగు వేసి తేళ్లను సులువుగా పట్టుకోవచ్చు. అప్పుడే కుబుసం విడిచిన తేలు మాత్రం మెరవదు. ఆ టార్చి వెలుగును కళ్లలోకి వేయకూడదు.

కనిపించిన తేలును చేత్తో ముట్టుకోవద్దు. పొడవైన పటకారుతో పట్టి మూతగల సీసాలో వేయవచ్చు. లేదా పైన గాజు గ్లాసు బోర్లించి, కింద గట్టి అట్ట జొనిపి ఎత్తి దూరంగా వదలవచ్చు. చచ్చినట్టు పడి ఉన్న తేలును కూడా వేళ్లతో తీయకూడదు.

విషం చేసే పని

తేలు విషం అనేక చిన్న ప్రోటీన్ల మిశ్రమం. నరాల కణాల గోడల్లో సోడియం, పొటాషియం వచ్చిపోయే సన్నని దారులుంటాయి. తేలు విషంలోని ముఖ్యమైన ప్రోటీన్లు సోడియం దారి మూసుకోకుండా అడ్డుపడతాయి. దాంతో నరాలు ఆగకుండా ఉత్తేజితమై అడ్రినలిన్, నారడ్రినలిన్ వంటి రసాయనాలు ఒంట్లోకి వెల్లువెత్తుతాయి. రక్తనాళాలు బిగుసుకుంటాయి, రక్తపోటు ఎగబాకుతుంది, గుండె తన శక్తికి మించి కొట్టుకుని నీరసిస్తుంది. చివరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఎర్రతేలు కుట్టినవారు చనిపోవడానికి ముఖ్యకారణం గుండె, ఊపిరితిత్తులు ఇలా దెబ్బతినడమే.

ఇదే ఎర్రతేలు విషం నుంచి వేరుచేసిన ఐబీరియోటాక్సిన్ అనే ప్రోటీన్ ఒక రకం పొటాషియం దారిని మాత్రమే మూస్తుంది. కణాల పనితీరును అర్థం చేసుకోవడానికి పరిశోధనశాలలు దీన్ని సాధనంగా వాడుతున్నాయి.

లక్షణాలు

సాధారణ కాటులో కుట్టిన చోట నిప్పు తగిలినట్టు మంట, సలుపు, జివ్వుమని పైకి పాకే నొప్పి, కొద్దిపాటి వాపు, తిమ్మిరి ఉంటాయి. కొన్ని గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి.

ప్రమాదకరమైన కాటులో లక్షణాలు ఒళ్లంతా కనిపిస్తాయి. పదే పదే వాంతులు, బట్టలు తడిసేంత చెమట, నోట్లో ఊరిపోయే లాలాజలం, చల్లబడే చేతులు కాళ్లు, మగవారిలో అంగం గట్టిపడి అలాగే ఉండిపోవడం తొలి హెచ్చరికలు. తరవాత గుండె దడ, ఆయాసం, దగ్గు, నురగతో గులాబీ రంగు కఫం, మగత రావచ్చు. ఇవి చాలావరకు మొదటి కొన్ని గంటల్లోనే బయటపడతాయి. మాటలు రాని పసిబిడ్డ రాత్రి హఠాత్తుగా ఆగకుండా ఏడుస్తూ, చెమటలు కక్కుతూ, వాంతి చేసుకుంటే తేలు కుట్టిందేమో అనుమానించి పడక వెతకాలి.

నొప్పిని బట్టి ప్రమాదాన్ని అంచనా వేయడం పొరపాటు. ప్రాణం మీదికి వచ్చిన కొందరిలో కుట్టిన చోట నొప్పి తక్కువగా ఉండటం వైద్యులు గమనించారు. నొప్పితో అరిచే బిడ్డ కంటే, అరుపు మాని చెమటలు పడుతూ చల్లబడుతున్న బిడ్డ గురించే ఎక్కువ కంగారు పడాలి.

ప్రథమ చికిత్స

1. కుట్టినవారిని కదలకుండా కూర్చోబెట్టాలి లేదా పడుకోబెట్టాలి. ధైర్యం చెప్పాలి. ఉంగరాలు, గాజులు, కాలి పట్టీలు వాపు రాకముందే తీసేయాలి.

2. కుట్టిన చోటును సబ్బుతో, నీళ్లతో కడగాలి. గుడ్డలో చుట్టిన మంచుముక్కలను పది నిమిషాలు పెట్టి తీస్తూ ఉంటే నొప్పి తగ్గుతుంది. నొప్పికి వయసుకు తగ్గ మోతాదులో పారాసెటమాల్ ఇవ్వవచ్చు.

3. పిల్లలకు తేలు కుడితే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గర్భిణులు, వృద్ధులు, గుండెజబ్బు ఉన్నవారి విషయంలోనూ అంతే. మిగతావారిలో పైన చెప్పిన ఏ ఒక్క హెచ్చరిక కనిపించినా 108కి ఫోన్ చేయాలి.

4. కుట్టిన సమయం గుర్తుపెట్టుకుని వైద్యుడికి చెప్పాలి. తేలు కోసం వెతుకుతూ సమయం పోగొట్టకూడదు.

చేయకూడనివి కూడా అంతే ముఖ్యం. కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం, కాల్చడం, కరెంటు షాకు పెట్టడం, సారా తాగించడం ఏవీ విషాన్ని తీయవు; పుండు, చీము మిగులుస్తాయి. మగతగా ఉన్నవారికి, వాంతులు ఆగనివారికి నోట్లో ఏమీ పోయకూడదు.

ఆసుపత్రి చికిత్స

ఒంటి లక్షణాలు లేకపోతే కుట్టిన చోట లిగ్నోకైన్ ఇంజెక్షన్‌తో నొప్పి తగ్గించి, కొన్ని గంటలు గమనిస్తారు. హెచ్చరిక లక్షణాలుంటే ప్రజోసిన్ మాత్ర మొదలుపెడతారు. ఇది రక్తనాళాల బిగువును సడలించి గుండె మీద భారం దించుతుంది. పిల్లలకు కిలో బరువుకు 30 మైక్రోగ్రాముల చొప్పున, చేతులు కాళ్లు వెచ్చబడేదాకా 3 గంటలకోసారి ఇవ్వడం రూఢి అయిన పద్ధతి. ఈ మందు వేశాక రక్తపోటు ఒక్కసారి పడిపోవచ్చు. బిడ్డను పడుకోబెట్టే ఉంచాలి, ఎత్తుకుని తిప్పకూడదు. అందుకే దీన్ని ఇంట్లో సొంతంగా వేయడం తగదు. వాంతులు, చెమటల వల్ల పోయిన నీటిని కొలత తప్పకుండా భర్తీ చేస్తారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఆక్సిజన్, ఇతర మందులతో అత్యవసర విభాగంలో వైద్యం చేస్తారు.

పాము విషానికి ఇచ్చే సీరం తేలు విషానికి పనికిరాదు. ఎర్రతేలు విషానికి వేరుగా విరుగుడు సీరం ఉంది. ముంబైలోని హాఫ్‌కిన్ సంస్థ, హైదరాబాద్‌కు చెందిన విన్స్ బయోప్రొడక్ట్స్ దీన్ని తయారుచేశాయి.

మహాడ్ వైద్యుడి కృషి

ఎర్రతేలు చికిత్స చరిత్ర మహారాష్ట్ర కొంకణ తీరంలోని ఒక చిన్న పట్టణంతో ముడిపడి ఉంది. 1976లో హిమ్మత్‌రావ్ బావస్కర్ అనే యువ వైద్యుడు రాయగఢ్ జిల్లా మహాడ్ సమీపంలోని బిర్వాడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరాడు. ఎర్రతేలు కుట్టిన పిల్లలు కళ్లముందే ఊపిరాడక చనిపోవడం చూశాడు. ఒక్కొక్క రోగి పక్కన కూర్చుని నాడి, రక్తపోటు, చెమట, చేతుల చల్లదనం గంటగంటకూ రాసుకున్నాడు. ఆ పరిశీలనలు 1982లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయ్యాయి. భార్య డాక్టర్ ప్రమోదినితో కలిసి ప్రజోసిన్ వాడకాన్ని 1986లో అదే పత్రికలో ప్రకటించాడు. తీవ్రమైన కేసుల్లో అంతకుముందు 30 శాతం దాకా ఉన్న మరణాలు 1-2 శాతానికి దిగాయి. సీరం, ప్రజోసిన్ కలిపి ఇస్తే ప్రజోసిన్ ఒక్కటే ఇచ్చినదానికంటే రోగులు త్వరగా కోలుకుంటారని 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన వీరి పరిశోధన చూపింది. 2022లో బావస్కర్‌కు పద్మశ్రీ లభించింది. పెద్ద యంత్రాలేవీ లేని పల్లె దవాఖానాలో, రోగిని శ్రద్ధగా చూడటం వల్ల పుట్టిన వైద్యం ఇది.

నమ్మకాలు, ఆచారాలు

తేలు మంత్రం వేసేవారు లేని ఊరు ఒకప్పుడు అరుదు. అరగదీసిన చింతగింజను కుట్టిన చోట అతికించడం, ఉత్తరేణి వేరు రుద్దడం నేటికీ ఉన్నాయి. ఇవి పనిచేసినట్టు కనిపించడానికి కారణం స్పష్టం: ఎక్కువ కాట్లు వాటంతటవే తగ్గేవి. తగ్గిన తొమ్మిదింటి పేరు మంత్రానికి వస్తుంది, తగ్గని పదో బిడ్డ ఆసుపత్రికి ఆలస్యంగా చేరుతుంది. చింతగింజ పెట్టిన తల్లిదండ్రులది ప్రేమే. ఆ ప్రేమకు దారి చూపడం ఆశా కార్యకర్త, బడిపంతులు, ఊరి పెద్దల బాధ్యత.

చుట్టూ నిప్పు పెడితే తేలు తనను తాను కుట్టుకుని చస్తుందనే మాట కూడా నిజం కాదు. వేడికి శరీరం వంకర్లు తిరగడమే అలా కనిపిస్తుంది. దొంగకు తేలు కుడితే నోరెత్తలేడు. "తేలు కుట్టిన దొంగ" అన్న జాతీయం అలా పుట్టింది. కర్నూలు జిల్లా కోడుమూరు కొండ మీద కొలువైన కొండలరాయుడికి శ్రావణమాసంలో భక్తులు రాళ్ల కింది తేళ్లను చేత్తో పట్టి సమర్పిస్తారు. భక్తి ఎంత గొప్పదైనా కొండి పోటుకు మందు దగ్గర ఉంచుకోవడం తప్పు కాదు. ముఖ్యంగా పిల్లల చేతికి తేలును ఇవ్వకూడదు.

ఇతర దేశాల్లో

2008లో వెలువడిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 12 లక్షలకు పైగా తేలుకాట్లు, 3,250కి పైగా మరణాలు సంభవిస్తాయి. ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా, మెక్సికో, బ్రెజిల్, దక్షిణ భారతం ముఖ్యమైన ప్రాంతాలు. బ్రెజిల్ నగరాల్లో వ్యాపించిన పసుపు రంగు తేలు మగతోడు లేకుండానే పిల్లల్ని కంటుంది. అమెరికాలోని అరిజోనాలో, తెలుగు కుటుంబాలు చాలా స్థిరపడిన ఫీనిక్స్ పరిసరాల్లో, బార్క్ స్కార్పియన్ అనే సన్నటి తేలు గోడలు ఎక్కి ఇళ్లలోకి వస్తుంది. దాని విషానికి విరుగుడును అమెరికా ప్రభుత్వం 2011లో ఆమోదించింది. అక్కడా బూట్లు తట్టి వేసుకోవాల్సిందే, ఉయ్యాల గోడకు దూరంగా ఉంచాల్సిందే.

ప్రకృతిలో చోటు

తేలు పురుగులను తిని వాటి సంఖ్యను అదుపులో ఉంచుతుంది. గుడ్లగూబ, ముంగిస, చుంచు, బల్లులకు తాను ఆహారమవుతుంది. గట్టు మీద బొరియలో ఉన్న మండ్రగబ్బను తవ్వి చంపనక్కరలేదు. తేలు బతికే చోటుకీ మనిషి పడుకునే చోటుకీ మధ్య ఊడ్చిన వాకిలి, పూడ్చిన గోడ, దులిపిన పడక ఉండాలి. అవి దాటి వచ్చి బిడ్డను కుట్టిన రాత్రి, చేతులు కాళ్లు చల్లబడేదాకా ఆగకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి బయలుదేరాలి.